సైకిలుకు కొత్తవారు – ఒంటికి హాయినిచ్చే బట్టలు

ఈ నెల పాఠకుల ప్రశ్నల శీర్షికకు విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో, కొత్తగా సైకిలు తొక్కడం మొదలుపెట్టినవారివి ఎక్కువగా ఉన్నాయి. అడిగిన తీరు వేరైనా అందరి బాధా ఒక్కటే: ఏ బట్టలు వేసుకుంటే ఒళ్లు ఒరుసుకుపోకుండా ఉంటుంది, వాటికి ఎంత ఖర్చు పెట్టాలి. వాటిలో నాలుగు ఉత్తరాలకు, రాసినవారి పేర్లు లేకుండా, ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మొదటి జవాబు కాస్త పొడవైనది. అసలు సంగతి అందులోనే ఉంది కనుక తక్కినవారు కూడా ముందు దానిని చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక ఉద్యోగి): నా వయసు 46. షుగరు బార్డర్‌లో ఉందని డాక్టరు గారు హెచ్చరించడంతో రెండు నెలల కిందట గేర్ల సైకిలు కొన్నాను. ఉదయం అయిదున్నరకు బయలుదేరి బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా వెళ్లి వస్తున్నాను. జీన్సు ప్యాంటు, కాటన్ టీషర్టు వేసుకుంటాను. సాగర్ నగర్ చేరేసరికే చొక్కా తడిసి ముద్దవుతోంది. ఇంటికి వచ్చేసరికి తొడల లోపలివైపు చర్మం కమిలి మండుతోంది. దుకాణంలో అడిగితే షార్ట్స్, జెర్సీ, గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు అన్నీ కలిపి ఎనిమిది వేలు అవుతుందన్నారు. అంత పెట్టడం అవసరమా? ముందు ఏది కొనాలి?

జవాబు: అంత పెట్టనవసరం లేదు. మన ఒళ్లు సైకిలును తాకే చోట్లు మూడే: సీటు, హ్యాండిలు, పెడలు. డబ్బు పెట్టవలసింది ఆ మూడు చోట్లకే, అందులోనూ మొట్టమొదట సీటు దగ్గరే. తక్కిన ఒంటికి బీరువాలో ఉన్నవాటితోనో, ఫుట్‌పాత్ మీద అమ్మేవాటితోనో సరిపెట్టుకోవచ్చు.

మీ బాధకు మూలం ఆ జీన్సు ప్యాంటులోనే ఉంది. దానిని ఒకసారి లోపలివైపుకు తిప్పి, రెండు కాళ్లు కలిసే చోట బొటనవేలితో తడిమి చూడండి. ముందు నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి, రెండు కాళ్ల నుంచి రెండు, మొత్తం నాలుగు కుట్లు అక్కడికే వచ్చి కలుస్తాయి. ఆ మందపు గుడ్డ మడత మీద మడత పడి చింతగింజంత ముడిలా గట్టిగా తగులుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు అది మనకు తెలియదు. సైకిలు సీటు మీద మాత్రం బరువు సరిగ్గా అక్కడే పడుతుంది. పైగా కాళ్లు నిమిషానికి అరవై, డెబ్బై సార్లు తిరుగుతూనే ఉంటాయి కనుక, గంట తొక్కేసరికి ఆ ముడి ఒకే చోట చర్మాన్ని దాదాపు నాలుగు వేల సార్లు రుద్దుతుంది. దానికి చెమట తోడైతే చర్మం నాని మెత్తబడి ఇంకా త్వరగా లేచిపోతుంది, ఆ చెమట ఆరినప్పుడు మిగిలే ఉప్పు ఇసుక కాగితంలా పనిచేస్తుంది. నేను సైకిలు కొన్న మొదటి ఏడాదిలో ఇదే జీన్సుతో భీమిలి దాకా వెళ్లి వచ్చి, మూడు రోజులు సరిగా కూర్చోలేకపోయాను. ఆ నొప్పి నాకు తెలుసు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

కనుక ముందు కొనవలసింది ప్యాడ్ ఉన్న షార్ట్స్. పైన ఏమీ లేకుండా బిగుతు షార్ట్స్‌తో బీచ్ రోడ్డు మీద తిరగడం ఇబ్బందిగా అనిపిస్తే, లోపల వేసుకునే రకం కూడా ఉంటుంది. దానిమీద మామూలు నైలాన్ ట్రాక్‌ప్యాంటో, మోకాళ్ల దాకా ఉండే షార్టో వేసుకోవచ్చు. నేను చూసిన ధరలలో ఈ లోపలి రకం ఆరేడు వందల నుంచి వెయ్యి లోపు దొరుకుతోంది. మొదటి ఏడాదికి అది చాలు. కొనేటప్పుడు ప్యాడ్ ఎంత లావుగా ఉందని చూడకండి, ఎంత దిట్టంగా ఉందో చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే వేళ్లు రెండూ వెంటనే తగులుకునేటంత మెత్తని స్పాంజి అరగంటలో అణిగిపోయి, లేనిదానితో సమానమవుతుంది. కొంచెం ఎదురొత్తి, వదిలాక నెమ్మదిగా లేచేదే మంచిది. ప్యాడ్ నడిమధ్యగా పొడుచుకు వచ్చిన కుట్టు ఉండకూడదు. తొడ దగ్గర పట్టీ బిగిసి గాటు పడకూడదు, వదులై పైకి ఎగబాకనూ కూడదు. దుకాణంలో నిలబడి అద్దంలో చూసుకున్నప్పుడు అది కాస్త వంకరగా, వెనక లాగినట్టు కనిపించడం సహజమే. అక్కడే ఉన్న సైకిలు మీద ఒకసారి వంగి కూర్చుని చూడనివ్వమని అడగండి.

చాలామంది దుకాణదారులు మొహమాటపడి చెప్పని మాట ఒకటి ఉంది. ఈ షార్ట్స్ లోపల డ్రాయరు వేసుకోకూడదు. వేసుకుంటే, ఏ కుట్లను తప్పించడానికి ప్యాడ్ కొన్నామో ఆ కుట్లనే మళ్లీ చర్మానికీ ప్యాడ్‌కూ మధ్య పెట్టినట్టవుతుంది. నేరుగా ఒంటికి తగులుతుంది కాబట్టే తొక్కిన ప్రతిసారీ ఉతకాలి. పూర్వం ఐరోపాలో ఈ ప్యాడ్‌ను షామీ అనే కొండమేక జాతి జంతువు తోలుతో చేసేవారు. ఆ తోలు ఉతికినప్పుడల్లా బిరుసెక్కేది గనుక దానికి మెత్తదనం కోసం క్రీములు రాసేవారు. ఇప్పటి ప్యాడ్‌లు కృత్రిమ నూలుతో చేసినవైనా కొన్ని దుకాణాలలో ఇంకా వాటిని షామీ అనే పిలుస్తారు. మీకు ఆ మాట వినిపిస్తే గాబరాపడనవసరం లేదు.

ఇక చొక్కా సంగతి. కాటన్ చలవ చేస్తుందని మన పెద్దలు చెప్పిన మాట అబద్ధం కాదు. ఇంట్లో, ఆఫీసులో, నీడపట్టున కాటన్‌ను మించినది లేదు. కానీ చెమట చలవ చేసేది ఆవిరైనప్పుడే. విశాఖలో గాలి సముద్రపు తేమతో నిండి ఉంటుంది, అందులోనూ తెల్లవారుజామున ఆ తేమ రోజు మొత్తంలో కెల్లా ఎక్కువ స్థాయిలో ఉంటుంది. అటువంటి గాలిలో, చెమటను పీల్చుకుని తనలోనే దాచుకునే కాటన్ టీషర్టు ఆరదు, బరువెక్కి వీపుకు అంటుకుంటుంది, చంకలలోనూ మెడ దగ్గరా ఒరుస్తుంది. మామూలు గాలిలో కాటన్ తన బరువులో 8 శాతం దాకా తేమను దాచుకుంటే, పాలియెస్టర్ దాచుకునేది అర శాతం కూడా ఉండదు. అందుకే ఆటగాళ్లు వేసుకునే పలచని పాలియెస్టర్ టీషర్టులో చెమట గుడ్డ మీద పరుచుకుని, మీరు తొక్కుతున్నప్పుడు పుట్టే గాలికే ఆరుతుంది. దానికి సైకిలు బొమ్మ, వెనక మూడు జేబులు ఉండనక్కరలేదు. మూడు వందల రూపాయల డ్రైఫిట్ టీషర్టులు రెండు చాలు. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. చిన్న చిన్న రంధ్రాలతో జల్లెడలా ఉంటే కొనండి, ప్లాస్టిక్‌లా నిగనిగలాడుతుంటే వదిలేయండి. పాలియెస్టర్‌కు చెమట వాసన త్వరగా పడుతుందన్నది నిజమే. ఇంటికి రాగానే బకెట్టులో తడిపేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

బట్టలు మార్చినా మంట తగ్గకపోతే సీటు ఎత్తు చూసుకోండి. సైకిలు మీద కూర్చుని, పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మడమను దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. సీటు అంతకన్నా ఎత్తుగా ఉంటే పెడల్ అందుకోవడానికి నడుము కుడికీ ఎడమకూ ఊగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన షార్ట్స్ వేసినా తొడలు ఒరుసుకుంటాయి. మెత్తగా ఉంటుందని జెల్ సీటు కవరు కొనేవారు చాలామంది ఉన్నారు. రెండు కిలోమీటర్ల దూరానికి అది హాయిగానే ఉంటుంది. మీరు తొక్కే దూరానికి మాత్రం ఒళ్లు అందులో కూరుకుపోయి రాపిడి పెరుగుతుంది కనుక నేను వద్దంటాను.

చేతులకు, కాళ్లకు కొద్దిగానే చెప్పవలసి ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున నరం నొక్కుకుంటున్నదని అర్థం. సగం వేళ్ల గ్లౌజులు కొనుక్కుని, చేతులు ఒకేచోట పెట్టకుండా మారుస్తూ ఉండాలి. అలాంటి ఇబ్బంది లేకపోతే గ్లౌజులు తరువాత చూసుకోవచ్చు. బూట్లు ప్రత్యేకంగా కొనవద్దు. మీ దగ్గరున్న స్పోర్ట్స్ షూలలో అడుగు గట్టిగా ఉన్నవి వేసుకుని, కుడికాలి లేసులు చెయిన్‌లో పడకుండా లోపలికి దోపుకోండి. హెల్మెట్ బట్ట కాకపోయినా ఆ మిగిలిన డబ్బు దానికి పెట్టమని నా విన్నపం. లోపల ఐరోపా భద్రతా ప్రమాణమైన ఈఎన్ 1078 (EN 1078) లేదా అమెరికాదైన సీపీఎస్‌సీ (CPSC) అని ముద్ర ఉన్నది తీసుకోండి. మోటారు సైకిలు హెల్మెట్‌లో గాలి ఆడక తల ఉడికిపోతుంది.

ఇప్పటికే కమిలిన చర్మాన్ని చల్లని నీటితో కడిగి, పొడిగా అద్ది, రెండు మూడు రోజులు సైకిలు ఎక్కకుండా ఆరనివ్వండి. తరువాత బయలుదేరే ముందు తొడల లోపలివైపు కొబ్బరినూనె పలచగా రాసుకోవచ్చు. గుండ్రని మచ్చలా అంచు లేచి దురద పెడుతుంటే అది ఒరుపు కాదు, తామర అయివుండవచ్చు. మందుల షాపులో తోచిన ట్యూబు కొనకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అది నాలుగు రోజులు దురద తగ్గించి తామరను లోపల ముదరబెడుతుంది. షుగరు బార్డర్‌లో ఉన్న మీరు చర్మ వైద్యునికి చూపించుకోవడమే సరైన పని.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక ఉపాధ్యాయురాలు): మా బడి ఇంటికి నాలుగు కిలోమీటర్లు. ఆటోల కోసం ఎదురుచూడలేక సైకిలు కొనుక్కున్నాను. పంజాబీ డ్రెస్సు వేసుకుంటాను, చున్నీ లేకుండా బడికి వెళ్లలేను. ఒకసారి కుర్తా వెనక భాగం సీటుకు తగులుకుని పడబోయాను. ఆదివారాలు మా అమ్మాయితో కలిసి ఇంకొంచెం దూరం వెళ్లాలని ఉంది, కానీ బిగుతు బట్టలు వేసుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీకు ఇష్టం లేని బట్టలు వేసుకోవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. గోచీ పోసి పంచె ఎగగట్టిన రైతులు, వెనక చక్రానికి వల కట్టించుకున్న లేడీస్ సైకిలు మీద చీర కట్టుతోనే పనికి వెళ్లిన నర్సులు, టీచర్లు మన ఊళ్లలో తొక్కిన దూరాలు తక్కువవి కావు. అయితే ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్పక తప్పదు. సైకిలు మీద ఉన్నంతసేపూ చున్నీ మెడ చుట్టూ ఉండకూడదు. దాని కొస వెనక చక్రపు పుల్లల్లో పడితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా మెడకు బిగుసుకుంటుంది, బ్రేకు వేసే వ్యవధి కూడా ఉండదు. పిన్ను పెట్టుకున్నాననే ధీమా వద్దు. చున్నీని మడిచి సంచిలో పెట్టుకుని బడి గేటు దగ్గర వేసుకోండి. దారిలో లేకపోతే ఇబ్బందిగా ఉంటుందనుకుంటే పలచని ఓవర్‌కోటు ఒకటి తొడుక్కోండి, దాని గుండీలు పెట్టుకోవడం మరవకండి.

సీటుకు తగులుకునేది కుర్తా పొడవు వల్ల. తొడ మధ్య దాకా మాత్రమే వచ్చి, పక్క చీలికలు నడుము కింద నుంచే మొదలయ్యే కుర్తాలు నాలుగు విడిగా పెట్టుకోండి. పాతవాటినే దర్జీ చేత పొడవు తగ్గించి, చీలికలు పెంచుకుంటే కొత్తవి కొనే పని లేదు. కింద పటియాలా, పలాజోలు వద్దు, చీలమండ దగ్గర అతుక్కుని ఉండే చుడీదారు బాటమ్ మంచిది. కొత్తగా కుట్టించుకునేటప్పుడు రెండు కాళ్లు కలిసే చోట నలుచదరపు గుడ్డముక్క ఒకటి వేసి కుట్టమని దర్జీకి చెప్పండి. నాలుగు కుట్లూ ఒకచోట కలవకుండా ఆ ముక్క అంచులకు జరుగుతాయి, కూర్చునే చోట ముడి ఉండదు. పాతకాలపు దర్జీలకు ఇది బాగా తెలిసిన పనే. నాలుగు కిలోమీటర్లకు ఇంతకు మించి ఏమీ అక్కరలేదు.

ఆదివారం దూరాలకు మాత్రం మొదటి జవాబులో చెప్పిన లోపలి ప్యాడ్ షార్ట్స్ కొనుక్కుని దాని మీద చుడీదారు, కుర్తా వేసుకోండి. బయటికి ఏమీ కనబడదు. ఆడవారి కూర్చునే ఎముకల మధ్య దూరం ఎక్కువ కనుక ప్యాడ్ వెడల్పు వేరుగా ఉంటుంది. దుకాణంలో మగవారి సైజులో చిన్నది చూపించి ఇదీ అదీ ఒకటేనంటే ఒప్పుకోకండి. మీ అమ్మాయికి కూడా విడిగా కొలత చూసే తీసుకోండి.

ప్రశ్న (గోపాలపట్నం నుంచి ఒక విద్యార్థి): సార్, నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. రోజూ ఎన్.ఎ.డి. మీదుగా సైకిలు మీదే వెళ్తాను. క్లాసులోకి వెళ్లేసరికి చెమట వాసన వేస్తోందని సిగ్గుగా ఉంది. వానాకాలం వస్తే ఇంకా కష్టం. నా దగ్గర వెయ్యి రూపాయలే ఉన్నాయి.

జవాబు: బాబూ, సిగ్గుపడకు. చెమట పట్టేది కష్టపడి వచ్చినందుకే. తొక్కే బట్టలు వేరు, క్లాసు బట్టలు వేరు అన్న ఒక్క ఏర్పాటు చేసుకుంటే చాలు. నీ వెయ్యిలో డ్రైఫిట్ టీషర్టు ఒకటి, నైలాన్ షార్టు ఒకటి కొనుక్కుని, మిగిలిన డబ్బు దాచి లోపలి ప్యాడ్ షార్ట్స్ వచ్చే నెల కొనుక్కో. క్లాసు చొక్కాను మడతపెట్టకుండా చుట్టగా చుట్టి పాలిథిన్ కవరులో పెట్టుకుంటే నలగదు. క్యాంపస్ చేరగానే బట్టలు మార్చుకోకు. అయిదు నిమిషాలు నీడలో నిలబడు, లేకపోతే కొత్త చొక్కా కూడా తడుస్తుంది. తరువాత పలచని తువ్వాలును తడిపి, పిండి, మెడ, చంకలు, వీపు తుడుచుకుని మార్చుకో. బ్యాగును వీపున తగిలించుకోవద్దు. వీపు తడవడానికి సగం కారణం అదే. వెనక క్యారియర్‌కు సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టు.

వానకు మోటారు సైకిలువాళ్ల రెయిన్‌కోటు కొనకు. లోపలి ఆవిరి బయటికి పోయే దారి లేక, వానలో తడిసినంతగా చెమటతోనే తడుస్తావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర వాన వెచ్చగానే ఉంటుంది, తడిసినా ఆరోగ్యానికి వచ్చిన నష్టం లేదు. తడవకూడనివి పుస్తకాలు, మార్చుకునే బట్టలు. వాటికి రెండు పొరల కవరు వేయి, సైకిలుకు మడ్‌గార్డులు వేయించు. అవి లేకపోతే వెనక చక్రం నుంచి లేచే బురద నీరు వీపు మీద నిలువు గీత గీస్తుంది, అది ఎంత ఉతికినా పోదు. ముసురు పట్టినప్పుడు బట్టలు ఆరకపోతే, పిండిన తరువాత పొడి తువ్వాలులో పరిచి చుట్టి, ఆ చుట్ట మీద మోకాలితో నొక్కు. సగం నీరు తువ్వాలుకు పోతుంది, ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరుతుంది. బట్టలు మెత్తబడడానికి వాడే సువాసన ద్రవాలు వీటికి వాడకూడదు. ఆ జిడ్డు పొర పడితే గుడ్డ చెమటను లాగడం మానేస్తుంది.

ప్రశ్న (కూర్మన్నపాలెం నుంచి ఒక కార్మికుడు): నాకు రాత్రి పదింటి దాకా డ్యూటీ. లారీలు తిరిగే రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తాను. మా వాళ్లు చిలకపచ్చ రంగు చొక్కా వేసుకోమంటున్నారు. అది సరిపోతుందా?

జవాబు: ఆ రంగు పగటికి మంచిది, రాత్రికి సరిపోదు. చిలకపచ్చ, నారింజ రంగుల గుడ్డ అంత మెరిసేది ఎండలోని అతినీలలోహిత కిరణాలను మార్చి వెలుగుగా పంపడం వల్ల. రాత్రి ఆ కిరణాలు ఉండవు గనుక అది కూడా మామూలు చొక్కాలాగే మసకగా కనిపిస్తుంది. మీకు కావలసింది మనవాళ్లు రేడియం అని పిలిచే పట్టీ. అందులో రేడియం ఏమీ లేదు, కంటికి కనిపించనంత చిన్న గాజుపూసలు ఉంటాయి. లారీ లైటు వాటి మీద పడితే ఆ వెలుగును తిరిగి లారీ వైపుకే పంపుతాయి. మీటర్ల లెక్కన అమ్మే ఈ పట్టీ ధర తక్కువే. వీపు మీద ఒక వరస కుట్టించుకోండి, కానీ అంతకన్నా ముఖ్యంగా రెండు చీలమండలకూ చుట్టుకోండి. వీపు మీద కదలకుండా వెలిగే గీతను చూసి డ్రైవరు దానిని రోడ్డు పక్కన బోర్డు అనుకోవచ్చు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడుతూ ఉండే రెండు వెలుగులను చూస్తే మాత్రం అక్కడ మనిషి సైకిలు తొక్కుతున్నాడని వెంటనే పోల్చుకుంటాడు. పైగా కుడికాలి పట్టీ ప్యాంటు అంచును చెయిన్‌లో పడకుండా బిగించి పడుతుంది. మా నాన్నగారు ఇదే పనికి ఉక్కు క్లిప్పులు వాడేవారు. ఇంటికి రాగానే వాటిని తీసి హ్యాండిలుకు తగిలించిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎర్రని వెనక లైటు కూడా తప్పక పెట్టించుకోండి. పట్టీలున్న బట్టలను బ్రష్షుతో రుద్దకండి, పూసలు రాలిపోతాయి.

అవి ఇంకా పనిచేస్తున్నాయో లేదో నెలకొకసారి ఇంట్లోవాళ్ల చేత చూపించుకోండి. చీకటి పడ్డాక మీరు సైకిలు ఎక్కి వీధి చివరికి వెళ్తూ ఉంటే, వారు ఫోను టార్చిని సరిగ్గా కంటి పక్కనే పట్టుకుని మీవైపు చూడాలి. యాభై అడుగుల దూరం నుంచి మీ చీలమండలు తెల్లగా మెరుస్తూ ఆడడం కనబడకపోతే, పట్టీ మార్చవలసిన సమయం వచ్చింది.